లుసాకా వెళ్ళిన దీవెన

ముంగ్వి

లుసాకా నగరంలోని చదువు పరిశోధన కేంద్రంలో నమూనాలు చూసే నామూకోలో గారికి కసుబా తండ్రి చిలెక్వా నమస్కారాలు.

మా కసుబా ఏడో తరగతికొచ్చినా అక్షరాలు కూడబలుక్కోలేదు. మా తమ్ముడూ అంతే. ఇది రక్తంలోనే ఉందేమో చూస్తాం, ఇంటిల్లిపాదీ ఉమ్మి పంపమన్నారు. పంపుతున్నాం. అమ్మని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మా పెద్దలు దీవించేది ఉమ్మితోనే కదా! "ముక్కూమొహం తెలియనివాళ్ళకి నా దీవెనెందుకురా?" అంది. కసుబా చదువు కోసమన్నాక ఇచ్చింది.

పరీక్ష తప్పితే పిల్లకిక బడి లేదు.

మీ విధేయుడు,
చిలెక్వా

తా.క. చదువు ఏ వారం వస్తుంది?

*

లుసాకా

చిలెక్వా గారికి,

మీ అమ్మగారి నమూనా ముక్కుపొడుం వల్ల పాడైంది. మళ్ళీ పంపండి. విడిగా ఎవరి ఫలితమూ చెప్పం. వందల ఇళ్ళవి కలిపి చూస్తాం. ఏళ్ళు పడుతుంది.

ఇట్లు,
నామూకోలో

తా.క. ఉమ్మేముందు ఏమీ తినకూడదు.

*

ముంగ్వి

నామూకోలో గారూ,

కలిపేస్తారా! మరి అమ్మ దీవెన ఎవరి పిల్లకి తగులుతుంది?

అమ్మ మంచం పట్టింది. అయినా పొడుం మానేసి, తడారిన నోటితో పొద్దంతా కూర్చుని మీ సీసా నింపింది. అది మీకు చేరేలోపే కన్నుమూసింది. పోయేముందు కసుబా నుదుట ఉమ్మి రాసి దీవించబోతే నోట్లో తడి లేదు. నా గుండె చెరువైంది. ఆ సీసా వెనక్కి పంపండి బాబూ.

దుఃఖంతో,
చిలెక్వా

తా.క. ఆ రోజు ఎన్షిమా ముద్ద కూడా ముట్టలేదు. నియమం పాటించిందని రాసుకోండి.

*

లుసాకా

చిలెక్వా గారూ,

నియమం ఒప్పుకోదు. కానీ నాకూ అమ్మ ఉంది. పంపుతున్నాను.

మీ,
నామూకోలో

తా.క. పార్సిల్‌లో ఏముందని పోస్టాఫీసులో అడిగారు. దీవెన అంటే తీసుకోరని 'ద్రవం' అని రాశాను.

*

ముంగ్వి

నామూకోలో గారూ,

పరీక్ష పొద్దున మూత తీసి, వేలు ముంచి కసుబా నుదుటి మీదికి తెచ్చాను. పిల్ల నా చెయ్యి పట్టుకుంది. సీసా మీది చీటీని గుచ్చిగుచ్చి చూస్తూ, "ఎస్... నార్... తెం... బో... చి... పా... టా" అంది. "నాన్నా, ఇది అవ్వది కాదు!"

చిపాటాలో ఎవరో ఎస్నార్ తెంబో గారి సీసా పంపారు మీరు. తిడదామనుకుని కూలబడి ఏడ్చాను. మా పిల్ల చదివిన మొదటి ముక్క అది. వినడానికి అమ్మ లేదు.

పరీక్ష తప్పిందిలెండి. ఒక్క పేరు చదివితే ఎవరు పాస్ చేస్తారు? వచ్చే ఏడు మళ్ళీ కూర్చోబెట్టమని హెడ్మాస్టర్ కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను.

మీ,
చిలెక్వా

తా.క. ఎస్నార్ గారి సీసా తిప్పి పంపుతున్నాను, ఆవిడ మనవలకి కావాలి. మా అమ్మది మాత్రం కదపకండి. అక్కణ్ణించే పనిచేస్తున్నట్టుంది.