మీరు ఇమ్మన్న కాగితం

శ్రీవారికి నమస్కారాలు. ఇక్కడ నేనూ అత్తయ్యా క్షేమం. అక్కడ మీరు వేళకు తింటూ బాగున్నారని తలుస్తాను.

ఉత్తరంలో మూడు సంగతులు అడిగారు. అత్తయ్య మోకాలు నయం. మెట్లు దిగి వచ్చి మరీ నన్ను కేకలేస్తున్నారు. కుట్టుమిషను బెల్టు మార్పించాను. ఇక మూడోది, శుక్రవారంలోగా కాలేజీలో మేడంకి ఆ కాగితం ఇచ్చావా అని. ఫోనులో చెబుదామని నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

మీ బాధ నాకు తెలియక కాదు. ఇంటర్న్‌షిప్‌లో పెద్ద పనులు నేర్పుతారనుకుని వెళ్ళారు. ఆ పంపుల ఫ్యాక్టరీలో రెండు నెలలుగా ఇరుసులు కొలవడమే సరిపోయింది. విసుగొచ్చి ఒకరోజు కొలవకుండా ముందురోజు అంకెలే పుస్తకంలో దించేశారు. మేస్త్రీ పట్టుకుని అందరి ముందూ, "పాత అంకెలే కావాలంటే నువ్వెందుకయ్యా, గోడమీద కేలండరు చాలదా?" అన్నాడు. పేజీ మొత్తం కొట్టేసి మళ్ళీ కొలవమన్నాడు. ఆ అవమానంతో మానేస్తానని కాగితం రాసి, ఇంటివాళ్ళ సంతకం కావాలని నాకు పంపారు.

సంతకం పెట్టాను. శుక్రవారం వెళ్ళాను కూడా. దారి అడగడానికి నోరు రాక, తలుపుల మీద పేర్లు కూడబలుక్కుంటూ మేడం గది కనుక్కున్నాను. పక్క గదిలో ఉద్యోగాల ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి. ఒకమ్మాయి బయటికొచ్చి నా పక్కనే బల్లమీద కూలబడింది.

"ఏమడిగారే?" అంది స్నేహితురాలు.

"పనిలో ఏం తప్పు చేశావు, ఎలా దిద్దుకున్నావు అని. పుస్తకంలోది అడిగితే గడగడా చెప్పేదాన్ని. పని చేస్తేగా తప్పు చేయడానికి!"

"మరి ఇంటర్న్‌షిప్?"

"డబ్బులిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. వెళ్ళలేదు."

నా చేతిలో కాగితం చెమటకు మెత్తబడింది. ఆ ప్రశ్నకు మా ఆయన దగ్గర సగం జవాబుంది, మిగతా సగం ఆ ఇరుసుల దగ్గరే ఉండిపోయింది అనుకున్నాను. అంతలో మేడం తల బయటపెట్టి, "ఏమ్మా, ఏం కావాలి?" అన్నారు.

"మంచినీళ్ళండీ" అన్నాను.

పాపం, చూపించారు. రెండు గ్లాసులు తాగి ఇంటికొచ్చేశాను. కాగితం మిషను సొరుగులో ఉంది.

గడువు దాటిపోయింది. ఇప్పుడు మానేస్తే ఈ ఏడు పోతుందని తెలిసే చేశాను. ఐదో తరగతి చదివిన నేను మీ చదువు సంగతి తేల్చేయడం తప్పే. శుక్రవారం నుంచి నాకు ముద్ద దిగడం లేదు. కానీ దర్జీ అక్క దగ్గర కుట్టుపనిలో చేరిన మొదటి నెల నేను వేసిన గుండీ కాజాలన్నీ ఆవిడ విప్పించిన రోజు నేనూ ఇక రానని ఏడ్చాను. మర్నాడు వెళ్ళాను కాబట్టే ఈ రోజు మిషను నాదైంది.

ఎంత కోప్పడినా సరే, జవాబు మాత్రం రాయండి. తిట్లన్నీ పైన రాసి, చివర్న మీ చేత్తో కొలిచిన ఒక్క ఇరుసు కొలత వేయండి. నాకు అర్థం కాకపోయినా, నిజమని నమ్ముతాను.

ఇట్లు,
మీ మాట దాటిన
మీ ఇంటిది