ముప్పై తొమ్మిది అంటే నూట రెండు

కువైట్

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు కరుణకు అక్క రూతమ్మ వందనాలు. నువ్వు, మరిది, మన సునీత, దాని పసిబిడ్డ క్షేమమని తలుస్తాను. నేను బాగున్నాను. దిగులు పడొద్దు.

బయట ఎండ నలభై ఎనిమిది. లోపల ఏసీకి రగ్గు లేకుండా నిద్ర పట్టదు. సీతారామపురం కాంతమ్మ ఈ ఇంట్లోనే వంట చేస్తుంది కాబట్టి మన మాట చెవిన పడుతోంది.

పోయిన వారం నేను చూసుకునే ముసలామెకు ఒళ్లు వణికింది. చేతులు చల్లగా ఉన్నాయి. థర్మామీటరు ముప్పై తొమ్మిది చూపించింది. మనకు తొంభై ఎనిమిది ఉండాలి కదా, ప్రాణం పోతోందనుకున్నాను. ఉన్న రగ్గులన్నీ కప్పి, ఒంట్లో వేడి పుట్టించు తండ్రీ అని మోకరించాను. కాంతమ్మ వచ్చి ఆమె నుదురు తాకింది.

"ఏందక్కా నువ్వు! జొరంతో కాలిపోతా ఉంటే రగ్గులు కప్పినావా? తీసెయ్!"

"ముప్పై తొమ్మిదే ఉండాది కదమ్మే."

"అది మన నూట రెండు. ఇక్కడి లెక్కలో తొంభై ఎనిమిదంటే టీనీళ్లు కాగతాయి. ఆయమ్మను పొయ్యి మీద పెడతావా?"

రగ్గులు తీశాము. డాక్టరు వచ్చాడు. ఇప్పుడు లేచి కూర్చుని నన్ను తిడుతోంది, స్తోత్రం.

మన ఊళ్లోనూ ఎండను ఒక లెక్కలో, జ్వరాన్ని ఇంకొక లెక్కలో చెప్పుకుంటాం. ఎన్నడూ ఆలోచించలేదు. మంచు కరిగే చోటును ఒకరు సున్నా అన్నారు, ఇంకొకరు ముప్పై రెండు అన్నారు. మంచు ఒకటే.

బిడ్డకు నేను పంపిన థర్మామీటరు కూడా ఇక్కడిదే. ఫోన్‌లో చెప్తే సరే సరే అన్నావు. నీ సరే నాకు తెలుసు. అందుకే ఆత్మకూరు వచ్చే ఆమె చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను, గోడకు అంటించు. అది చూపిన అంకెను రెట్టింపు చెయ్యి. వచ్చిన దాంట్లో పదో వంతు తీసెయ్యి. ముప్పై రెండు కలుపు. ముప్పై ఏడు మన తొంభై ఎనిమిదిన్నర, అది మామూలే. ముప్పై ఎనిమిది చూపితే నూరు దాటినట్టు. రేపు చూద్దామనకుండా ఆత్మకూరు ఆసుపత్రికి పోండి.

మీ అత్తమ్మకు, సంఘ పెద్దలకు నా వందనాలు. నా కోసం ప్రార్థించమను.

ఒక మాట. ఆ రోజు నేనడిగినట్టే ప్రభువు ఇచ్చి ఉంటే ఆ ముసలి తల్లి దక్కేది కాదు. అప్పటినుంచి ప్రార్థనలో ఇది కావాలి, అది కావాలి అనడం మానుకున్నాను. మనిషి పేరు చెప్పి ఊరుకుంటున్నాను. బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదన్నావు. త్వరగా పెట్టండి. నేనిక్కడ చెప్పుకోవాలి.

మీ మేలు కోరే అక్క,
రూతమ్మ