ఒంటికాలి గుర్రం రెండో సగం

మార్చి 9, ఆదివారం మధ్యాహ్నం

అక్కకి,

నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం అని రాసే అలవాటు చేతికుంది, మనసుకి లేదు. నువ్వు, బావ, బుజ్జిది బాగున్నారనుకుంటాను. నాలుగేళ్ళుగా ఒక్క ముక్క రాయనిదాన్ని ఇవాళ రాస్తున్నానంటే పని పడిందని నీకు తెలిసిపోయే ఉంటుంది. అవును, పని పడింది.

నాన్నకి మతిమరుపు ముదిరింది. గేటు గడియ ఎటు తియ్యాలో తెలియక లోపలే నిలబడిపోతారు. పక్కింటి టైలరు మామయ్యని, ఎవరండీ మీరు అని మర్యాదగా అడుగుతారు. ఆయన, నువ్వు పంట్లాం కుట్టించుకుని పదేళ్ళయింది, ఇంకేం గుర్తుంటాను అని నవ్వేసి, ఇంటికెళ్ళి ఏడుస్తాడట.

పాటలు మాత్రం మిగిలాయి. గురువు ఆయన చెవిలో, ఆయన నీ చెవిలో పోసిన ముప్పై నాలుగు ఫిడేలు పాటలు. రాసుకుంటే చెవి బద్ధకిస్తుందని కాగితం మీద పెట్టనివ్వలేదు, రికార్డూ చెయ్యనివ్వలేదు, గుర్తుందిగా.

ఫిడేలు నువ్వు పట్టుకెళ్ళావు. తప్పుపట్టడం లేదు. నీ కమాను కింద పాట చచ్చిపోతోందని శిష్యులందరి ముందూ అన్నది ఆయనే.

నాకు మిగిలింది కాలేజీ రోజుల్లో సరదాకి కొన్న స్టీలు గిటారు. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయిస్తాను. ఎమ్మెస్సీ చదివి పళ్ళ డాక్టరు దగ్గర టోకెన్లిచ్చే ఉద్యోగం కదా, ఐదింటికల్లా ఇంటికొచ్చి ఆయన మంచం పక్కన కూర్చుంటాను. ఆయన కూనిరాగం తీస్తే దాన్ని తీగల మీద వెతుక్కుంటాను. మొదట్లో, ఇదేం వాయిద్యమే, ఇస్త్రీ చేస్తున్నావా అనేవారు. కమాను ఒక్క విసురులో గెంతే చోట నా కడ్డీ పాకుతుంది. పాట జారుడుబల్ల ఎక్కినట్టుందే అని నవ్వి, తొడ మీద తాళం కొడుతూ మళ్ళీ మొదట్నుంచి పాడేవారు. ఆ తిట్లు తింటూ ఏడాదిలో ముప్పై మూడు పట్టాను.

మిగిలింది ‘ఒంటికాలి గుర్రం’. మొదటి సగం కింది తీగల మీద కుంటుతుంది, రెండో సగం ఉన్నపళంగా పై తీగకి దూకి పరుగందుకుంటుంది. ఆ రెండో సగం నాన్నకి రావడం లేదు. మొదటి సగం పాడి ఆగి, నా మొహంలోకి చూస్తారు. నిన్న ఐదుసార్లు ఆగారు. ఆరోసారి, పెద్దదాన్ని పిలవవే, దానికొచ్చు అన్నారు. నీ మాట ఆయన నోట రావడం నాలుగేళ్ళలో ఇదే మొదలు.

నిన్ను రమ్మనే మొహం నాకు లేదు. ఫోన్లో వాయించి పంపు, మెల్లగా ఒకసారి, నీ వేగంతో ఒకసారి. ఆలస్యం చెయ్యకక్కా. దణ్ణం పెడతాను.

నీ చెల్లి

తా.క.: సంతకం పెట్టాక కూడా కవరు అంటించలేకపోయాను. నాన్న నిన్ను అడగలేదు. నిన్ను కదిలించాలని రాశాను. గుర్రం ఎప్పుడో పట్టాననుకున్నాను, ఆయన ఎక్కడా ఆగడం లేదు కూడా. రెండో సగం చక్కగా పాడుతున్నారు, నేను వాయించినట్టు. కడ్డీకి అందని గెంతులన్నీ నేను చదును చేసేశాను, కష్టమైన చోటల్లా రెండేసి స్వరాలు ఎగ్గొట్టాను. కాదే అని తిట్టేవారు. ఒకరోజు తిట్టడం మానేశారు. నాకు వచ్చేసిందని మురిసిపోయాను. రోజూ విని విని నా తప్పే ఆయన జ్ఞాపకమైంది. చిన్నప్పుడు గోడవతల నువ్వు సాధన చేస్తుంటే విన్నది లీలగా తట్టి, నిన్న ఒక్క గెంతు సరిగ్గా వేశాను. కాదే, గురువుగారు ఇలా కదా చెప్పింది అని, నా తప్పుని ఎంతో ఓపిగ్గా నాకు పాడి చూపించారు. ఇది గుర్రం ఒక్కదానితో పోయేది కాదు, మిగతా ముప్పై మూడూ నేను ఇలాగే పట్టాను. ముప్పై నాలుగూ పంపు.