కట్టెకు కట్టిన ఎర్రగుడ్డ

సునంద మేడమ్‌కు నమస్కారాలు.

మీ ప్రదర్శనకు ఎంపికైన నా నీటికోడి ఫోటోను దయచేసి తీసివేయండి.

ఇబ్రహీంపట్నం చెరువు బురదలో ఆ నీటికోడి గూడు పక్కన ఒక కట్టెకు ఎర్రగుడ్డ కట్టి ఉండేది. ఫోటోకు అడ్డమని నేనే పీకాను. వెలుతురు పోతోందన్న హడావిడిలో మళ్లీ పాతడం మరిచాను.

మర్నాడు వెళ్తే గూడు లేదు. చేపలు పట్టే జంగయ్య తడి వల మడుస్తూ, "గూటికి వల తగలొద్దని నేనే గుడ్డ కట్టిన సారూ. పొద్దున యాడా కనవడలె. గూడు ఇంకో దిక్కున్నదేమో అనుకొని వల గుంజిన. గుడ్లన్నీ మునిగినయ్. ముసలోన్నయిన, మతి పోతున్నది" అన్నాడు. నేను కెమెరా సర్దుకుని వచ్చేశాను.

"మనిషి జాడే లేని దృశ్యం" అని మీరు మెచ్చుకున్నారు. ఆ జాడను పీకేసింది నేనే మేడమ్.

ఈ ఉత్తరం పోస్టులో వేసి చెరువుకు వెళ్తున్నాను. జంగయ్య మతి బాగానే ఉందని ఆయనకు చెప్పాలి.