హంస గూడు లొకేషన్

ఏప్రిల్ 26, ఆదివారం

గూడు ఎక్కడుందో ఎవరికీ చెప్పకూడదని నాకు నేర్పింది సుధీరే. కెమెరా పట్టుకోవడమూ వాడే నేర్పాడు. అందుకే మా ఊరు నోవైలో నేను రోజూ నడకకెళ్లే చెరువులో హంస గుడ్లు పెట్టిందని వాడొక్కడికే చెప్పాను. "లొకేషన్ పంపండక్కా, నేనూ వచ్చి ఫొటోలు తీసుకుంటా" అంటే, నేను తీసిన ఫొటోతో పాటు పంపాను.

ఈ ఉదయం వెళ్లేసరికి స్టేట్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ వాళ్లు పడవలో వచ్చి, ఆ గుడ్లకు నూనె రాసి ఒడ్డుకొస్తున్నారు. నూనె రాస్తే లోపల పిల్ల పెరగదట. గుడ్డు పగలదు కాబట్టి తల్లికి తెలియదట. ఎవరు చెప్పారని అడిగితే ఫోన్‌లో రిపోర్ట్ చూపించారు. అందులో ఉన్న ఫొటో నేను సుధీర్‌కి పంపిందే.

ఫోన్ చేశాను. వాడేమీ దాచలేదు.

"అవి ఇక్కడివి కావక్కా, ఇన్వేజివ్. ఇక్కడి బాతుల్ని బతకనివ్వవు."

నిజమే కావచ్చు. పోయిన వారం ఆ మగహంస ఒక బాతును చెరువంతా తరమడం నేనే చూశాను. అయినా...

"మరి ఆ ముక్క నాతో ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే లొకేషన్ ఇచ్చేవారా?"

ఇచ్చేదాన్ని కాదు. అది వాడికి తెలుసు.

సాయంత్రం మళ్లీ వెళ్లాను. హంస గూట్లోనే ఉంది. కాసేపటికోసారి లేచి, గుడ్లను ముక్కుతో జాగ్రత్తగా తిప్పి, మళ్లీ పొదుగుతోంది. కెమెరా ఎత్తబుద్ధి కాలేదు. దగ్గరికెళ్లినా నన్ను చూసి బుస కొట్టలేదు. నెల్లాళ్లుగా చూస్తోంది కదా, నామీద నమ్మకం కుదిరింది.