ఆ రాళ్ళు పారెయ్యకు

అన్నయ్యకు,

నీ ముందు నడుం వంచి నడిచే చెల్లెల్ని, నీకు ఎదురు చెప్పలేను. అందుకే దుంపల బుట్టలో ఈ కాగితం పెట్టి నా కూతురు రూఫినాతో పంపుతున్నాను. నా రాత నీకు తెలుసుగా, తప్పులుంటే దిద్దుకో.

నా సబీనో పోయాక నువ్వు పాఠం చెప్పే చాప చుట్టేశావట. చుక్కల దారి నేర్పే పగడపు రాళ్ళు సముద్రంలో పారేస్తానంటున్నావట. "మేనల్లుడికే పనికిరాని విద్య ఇంకెవరికి?" అన్నావట. పనికొచ్చింది అన్నయ్యా. ఆ పడవలోనే ఉన్న రూఫినా నిన్ననే నోరు విప్పింది.

గాలివానలో దెబ్బ తగిలి వాడు లేవలేకపోయాడట. దారి చూపే యంత్రం తడిసి ఆరిపోతే ఇది ఏడ్చిందట. "ఏడవకే మొద్దూ! మామయ్య రాళ్ళు తడిస్తే చెడిపోతాయా? అదిగో, ఆ చుక్క మీదికి తిప్పు" అని నవ్వాడట. ఆ చుక్క పైకెక్కిపోతే, దాని వెనక పొడిచేదాని పేరు చెప్పాడట. తెల్లారేదాకా అలా చెబుతూనే ఉన్నాడట. మన కొబ్బరిచెట్లు కనబడ్డాకే ఆ గొంతు ఆగింది.

"పడవ కదలదు, దీవే దాని దగ్గరికొస్తుంది" అని చాప మీద వాడికి చెప్పేవాడివి. బయటినుంచి విని నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నాను. కదల్లేని నా కొడుకు దగ్గరికి మన దీవే వెళ్ళింది.

ఆడపిల్లకెందుకు అనకు. వాడు చెబితే పడవ తిప్పి, అన్నని అమ్మ దగ్గరికి చేర్చింది ఇదే. ఇక చెప్పడానికి దీనికి అన్న లేడు.

బుట్ట తెచ్చిన పిల్లని వాకిట్లోంచే పంపెయ్యకు. చుట్టేసిన చాప మళ్ళీ పరుచు.

నీ చెల్లెలు