రెండు వైపులా హుక్కులే

తమ్ముడూ,

ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. నీ కోపం సంగతి తర్వాత, ముందు నా అనుమానం తీర్చు.

ఎంబ్రాయిడరీ డిజైన్ తెరిస్తే చాలు, నా కంప్యూటర్ నీరసించిపోతోంది. ఫ్యాను తీసి, లోపలున్న ప్రాసెసర్‌ని పైనుంచే టేపుతో కొలుచుకెళ్లి, అదే సైజుది కొత్తది కొన్నాను. రెండూ అంగుళంన్నరే. దర్జీదాన్ని కదా, కొలత కుదిరితే చాలనుకున్నాను! నిన్ను అడుగుదామంటే రోషం అడ్డొచ్చింది.

తీరా పాతది ఊడదీస్తే మదర్‌బోర్డు మీద సన్నటి సూదులు, కొత్తదాని అడుగున కూడా సూదులే! జాకెట్టుకి రెండు వైపులా హుక్కులే కుట్టి, కాజాలు మర్చిపోయినట్టుంది. ఈ కంపెనీలవాళ్లందరూ ఒకటే రకం ఎందుకు చెయ్యరు? భూతద్దం పెట్టి గంటసేపు చూశాను, ఎంత ముచ్చటైన పనితనమో!

ఇప్పుడు మార్చాల్సింది ప్రాసెసరా, బోర్డా? బోర్డు మారిస్తే ర్యామ్ కూడా మార్చాలంటున్నాడు షాపతను, నిజమేనా? నా దగ్గర కుట్టించుకునే వాళ్లందరి కొలతలూ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. పోవుగా?

నీవీ ఉన్నాయి, నాలుగేళ్ల కిందటివి, మనం మాట్లాడుకునే రోజుల్లో తీసినవి. కొత్తవి రాసి పంపకు. ఉత్తరంలో వచ్చే కొలతలు నేను నమ్మను. వచ్చి నా టేపు ముందు నిలబడు.

అక్క